ఎడమకాలి ముడి

నల్లరాతి గోడలు, నల్లరాతి బురుజులు, బురుజుల మీద నల్లటి జెండాలు. మిట్టమధ్యాహ్నం కూడా మసక వీడని ఆ కోటకు కాటుకదుర్గమని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, చూసే పెట్టాడు. ఏడు ప్రాకారాల నడుమ ఆకాశాన్ని పొడుస్తున్నట్టు లేచిన శిఖరం. దాని కొనన కెంపుల కళ్ళతో ఒక ఇనుప గుడ్లగూబ. దాని కింది గదిలో కంకాళనాథుడనే మాంత్రికుడు. వాడి సంగతి పిల్లలకు చెబితే అన్నం ముట్టరు, పెద్దలకు చెబితే కన్ను మూయరు. అటువంటి కోట వెలుపలి ప్రాకారంలో, బాటసారుల సత్రంలో, వందమంది వర్తకుల మధ్య విస్తరి ముందు కూచున్నాడు మన పోలన.

కూచున్నాడన్న మాటే గాని, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూచున్నాడు.

పోలన రాజుగారి కొడుకేమీ కాదు. రేవులకోటలో పడవ నడుపుకునేవాడు. మూడు నెలల కిందట కంకాళనాథుడు ఆ ఊరి రేవులో నిలబడి, ఏవో నాలుగు మంత్రాలు గొణిగి, వెన్నెలేటినంతటినీ ఒక రాగిచెంబులోకి పట్టుకుపోయాడు. పడవలు ఇసుకలో ఒరిగిపోయాయి. బావులెండిపోయాయి. పశువులు నోళ్ళు తెరిచి చచ్చిపోతున్నాయి. ఆ చెంబు ఎక్కడైనా సరే నేలను తాకితే చాలు, ఏరు తన దారి తాను వెతుక్కుంటూ ఇల్లు చేరుతుందని ఒక బైరాగి చెప్పాడు. అయితే అమావాస్య దాటితే మాత్రం ఏటి గర్భంలో ఊటలు మూసుకుపోతాయి, ఇక చెంబు దొరికినా ఖాళీ చెంబే అన్నాడు.

ఆ అమావాస్య రేపే.

పోలన కంటే ముందు ఏడుగురు బయలుదేరారు రేవులకోట నుంచి. ఒక్కడూ తిరిగి రాలేదు. సాధువు వేషం వేసినవాడూ దొరికాడు, గుడ్డివాడి వేషం వేసినవాడూ దొరికాడు. ఈ కోట సేనను నడిపే దళవాయి శరభుడికి రేవులకోట మనిషిని పసిగట్టే విద్య ఏదో తెలుసట. ఆ విద్య ఏమిటో ఎవరికీ తెలియదు. అందుకనే పోలన మరుమండలం నుంచి వచ్చిన సాంబ్రాణి వర్తకుడి వేషం వేశాడు. పేరు ధూపదాసు. ఇసుక తప్ప నీరెరగని దేశంవాడు. తలపాగా, గడ్డం, వంటినిండా సాంబ్రాణి వాసన. అన్నీ సరిపోయాయి. పొద్దుటినుంచి ఒక్కరూ అనుమానించలేదు. కోట లోపలికి వెళ్ళే దారి మాత్రం ఇంకా కనబడలేదు. పొద్దు చూస్తే నడినెత్తిన ఉంది.

విస్తట్లో అన్నం పడింది. పోలన కలుపుకున్నాడు. పులుసు పోయడానికి వచ్చిన ముసలమ్మ గరిటె ఎత్తింది, ఎత్తిన గరిటె ఎత్తినట్టే ఆపేసింది. ఆమె చూపు పులుసు మీద లేదు, అతని ఎడమకాలి మీద ఉంది.

పోలన కూడా అటు చూశాడు. పై ప్రాణాలు పైనే పోయాయి.

తన మూట తాడు తన ఎడమకాలి బొటనవేలికి ముడివేసి ఉంది. ఎప్పుడు వేశాడో తనకే తెలియదు.

వెన్నెలేరు మహా ఆగడపు ఏరు. పై కొండల్లో వాన పడితే చాలు, చెప్పాపెట్టకుండా ఊరి మీద పడుతుంది. అందుకని రేవులకోటలో ఏ మనిషైనా కూడు ముందు కూచుంటే మొదట మూటతాడు ఎడమకాలికి ముడివేసుకుంటాడు. వరద వస్తే చేతులు ఈతకు, మూట కాలికి. తల్లి ఉగ్గుపాలతో నేర్పే పని అది. గడ్డం మార్చాడు, భాష మార్చాడు, కాలికి మాత్రం ఏ వేషమూ వెయ్యలేదు. శరభుడి విద్య ఏమిటో పోలనకు అప్పుడు తెలిసింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చప్పున ముడి లాగేసుకున్నాడు. అంతకంటే తెలివితక్కువ పని మరొకటి లేదు.

"ఏ ఊరు నాయనా మీది?" అంది ముసలమ్మ, గొంతు బాగా తగ్గించి.

"మరుమండలం, అవ్వా. ఇసుక దేశం."

ఆమె పులుసు పోసే నెపంతో ఇంకా వంగింది. "కాలికి మూట ముడేసుకుని కూడు తినేది భూమ్మీద ఒక్క ఊరోళ్ళే అబ్బాయ్. నాది ఆ ఊరే. పేరమ్మంటారు నన్ను. వరదకి కొట్టుకుపోయి ఈ దేశాన పడ్డా. ఇరవై అయిదేళ్ళాయె. మనూరి మాట చెవినబడి ఇరవై అయిదేళ్ళు. ఎట్టా ఉంది నాయనా మన ఏరు?"

ఊరు గాని ఊళ్ళో పుట్టినూరి కుక్క కనబడినా చుట్టమే అంటారు. కాని చుట్టమని కౌగిలించుకోవడానికి ఇది తిరనాళ్ళ సంత కాదు. ఈ ముసలమ్మ ఎవరు? శరభుడి విద్య ఈమేనేమో! అన్నం పెడుతూ కాళ్ళకేసి చూడమని కూచోబెట్టాడేమో! ఏడుగురూ ఈ విస్తళ్ళ ముందే దొరికారేమో!

"నాకు ఏ ఏరూ తెలియదు, అవ్వా. నీరంటే చెంబులో చూడటమే" అన్నాడు పోలన.

పేరమ్మ మొహం చిన్నబోయింది. "పోనీలే నాయనా, ముసలి కళ్ళు" అని గరిటెతో ముందుకు సాగింది. పోలన చేతిలో ముద్ద మళ్ళీ విస్తట్లో పెట్టేశాడు. కన్నతల్లి ఎదురుపడితే నువ్వెవరో తెలియదన్నట్టుంది అతనికి.

అంతలో సత్రం వాకిట్లో కత్తుల చప్పుడైంది. వందమందీ నోళ్ళలో ముద్దలు నోళ్ళలోనే ఉంచేశారు. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, నడుము చుట్టూ ఇరవై మూరల ఎర్రటి నడికట్టు. దళవాయి శరభుడు వరస వెంట నడుచుకుంటూ వస్తున్నాడు. మనుషుల మొహాలు చూడటం లేదు. కాళ్ళు చూస్తున్నాడు.

పోలన కాలు ముడుచుకోబోయాడు. అప్పటికే ఆలస్యమైంది. బొటనవేలి మీద తాడు ఒరిపిడి ఎర్రగా కనబడుతూనే ఉంది. శరభుడు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. మూడు. రెండు.

"అయ్యో, అయ్యో, చెయ్యి జారింది బాబో!" అంటూ పేరమ్మ అరిచింది. కుండెడు వేడి పులుసు పోలన పాదం మీద పడింది. పోలన కెవ్వుమని ఎగిరి గంతేశాడు. పాదమంతా కందిపోయి ఎర్రబడింది. ఇక ఆ ఎరుపులో ఏ ఎరుపు తాడుదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

శరభుడు పేరమ్మకేసి ఒకసారి, పోలనకేసి ఒకసారి చూశాడు.

"ఏ దేశం?"

"మరుమండలం, ప్రభూ."

"అయితే ఈత రాదన్నమాట."

"ఈతా? మా దేశంలో స్నానానికే నీళ్ళుండవు ప్రభూ!"

"మంచిది. చూద్దాం" అన్నాడు శరభుడు. ఇద్దరు భటులు పోలనను చెరొక రెక్కా పట్టుకుని బయటికి లాక్కుపోయి, కోట అగడ్తలోకి విసిరేశారు.

చేపపిల్లకు ఈత నేర్పాలా? నీళ్ళు ఒంటికి తగలగానే చేతులు వాటంతట అవే చాచుకోబోయాయి. పోలన వాటిని తొడలకు అదిమిపెట్టాడు. ఈదితే దొరికిపోతాడు, ఈదకపోతే చచ్చిపోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అతనిప్పుడు నూతిలోనే ఉన్నాడు. పచ్చటి పాచినీళ్ళలో కిందికి దిగిపోతూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఊళ్ళో పందేలప్పుడు నూటయాభై దాకా ఊపిరి బిగపట్టిన మనిషే గాని, అప్పుడు గుండె ఇలా దడదడలాడేది కాదు. నలభై. యాభై. పైన ఎవరూ తాడు వెయ్యలేదు. ఎనభై. చెవుల్లో గంటలు మోగుతున్నాయి. నూరు. చేతులు చాచుకుందామా? నాలుగు బారలు వేస్తే ఒడ్డు. ఎండిపోయిన రేవు కళ్ళ ముందు మెదిలింది. చాచలేదు. నూట పది. నూట ఇరవై. ఆ పైన లెక్క అతనికి గుర్తులేదు.

కళ్ళు తెరిచేసరికి పైన పొగచూరిన దూలాలు, పక్కన పెద్ద పెద్ద పొయ్యిలు. అది కోట లోపలి వంటసాల, సత్రానికి కూడు వెళ్ళేదీ అక్కణ్ణించే. పేరమ్మ అతని పొట్ట నొక్కుతూ నీళ్ళు కక్కిస్తోంది. వేరే ఎవరూ లేరు.

"కొక్కెం వేసి లాగారు నిన్ను. బతికితే బతుకుతాడు, వంటసాలలో పడెయ్యండన్నాడు దళవాయి" అంది ఆమె. అని, అతని చెవి దగ్గరికి వంగింది. "ఒరే పిచ్చి సన్నాసీ, ఈత రానోడు అట్టానా మునిగేది? కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాడు, అరుస్తాడు, పదిసార్లు పైకి తేలతాడు. నువ్వు రాయి మాదిరి నోరు మూసుకుని దిగిపోతివి. అట్టా మునగాలంటే పడవోడయ్యుండాలి. నేను చూశా. ఆడూ చూశాడు."

 పోలన నీళ్ళలో చావకుండా ఒడ్డున దొరికిపోయాడన్నమాట.

"తాగు. ముందు గొంతు తడుపుకో" అని పేరమ్మ ముంత అందించింది.

ఒక గుక్క తాగాడు పోలన. రెండో గుక్క తాగలేక ఏడ్చేశాడు. కొండరాయి చల్లదనం, రెల్లువేళ్ళ తీపి. ప్రపంచంలో ఏ నీళ్ళకూ ఆ రుచి లేదు.

"ఇది వెన్నెలేరు, పెద్దమ్మా" అన్నాడు. ఇక దాచి లాభం లేదు, దాచాలనీ లేదు. "మన ఏరు మూడు నెలల నుంచి లేదు. ఈ కోటవాడు ఎత్తుకొచ్చాడు. ఊరు చచ్చిపోతోంది. ఏటికోసం నాకంటే ముందొచ్చిన ఏడుగురూ ఇక్కడే పట్టుబడ్డారు. రేపు అమావాస్య."

 పేరమ్మ మెల్లిగా తల ఎత్తి దూలం కేసి చూసింది. అక్కడ ఇనుప గొలుసుల ఉట్టిలో, చేతికి అందే ఎత్తున, నల్లబడిన రాగిచెంబు ఒకటి వేలాడుతోంది.

"మూడు నెలలుగా దాన్ని వంచి అయిదొందల మందికి వండుతున్నా. ఎంత వంచినా అయిపోదు. కిందికి దించబాక, దించితే శిఖరం మీద గుడ్లగూబ అరుస్తుంది, నీ తల ఎగిరిపోద్ది అన్నారు. దీని నీళ్ళు తాగిన కాడ్నించి రోజూ ఊరు కలలోకొస్తంది. ముసలితనం గామాల అనుకున్నా నాయనా!" ఆమె చెంగు నోట్లో కుక్కుకుంది. "నా ఏటిని నేనే పొయ్యి మీద పెట్టుకున్నానా!"

పోలన లేచి ఉట్టికేసి ఒక్క అడుగు వేశాడు.

తలుపు కిర్రుమంది. శరభుడు ఒంటరిగా లోపలికి వచ్చి తలుపు మూశాడు.

 శరభుడు నేరుగా వచ్చి పొయ్యి దగ్గర పీట మీద కూచుని, "ఆకలిగా ఉంది, పెట్టు" అన్నాడు. పేరమ్మ ఆకు వేసి అన్నం పెట్టింది. పోలన కళ్ళు కత్తిపీట ఎక్కడుందా అని వెతుకుతున్నాయి. అలా వెతుకుతూ వెతుకుతూ శరభుడి పాదాల దగ్గర ఆగిపోయాయి. శరభుడు కత్తి విప్పి పక్కన పెట్టాడు. ఎర్ర నడికట్టు కొస లాగాడు. తనకే తెలియకుండా, దాన్ని ఎడమకాలి బొటనవేలికి ముడివేసి, ముద్ద కలిపాడు.

"నీదీ రేవులకోటే!" అన్నాడు పోలన.

శరభుడు తన కాలికేసి చూసుకున్నాడు.  "నాకు ఏ ఊరూ లేదు" అన్నాడు మొదట దర్పంగా. ఆ తరవాత గొంతు మారిపోయింది, మాటే మారిపోయింది. "కట్ట మీద కావలి కాసేవోణ్ణి. సింగన్నంటారు నన్ను. ఇరవై అయిదేళ్ళ కిందట కునుకు పట్టింది. ఒక్క కునుకే. కట్ట తెగింది. తెల్లారేసరికి పన్నెండిళ్ళు లేవు. ఊరు నన్ను ఎలేసింది."

పేరమ్మ గరిటె కింద పెట్టింది. "ఆ పన్నెండో ఇల్లు మాదే" అంది.

"తెలుసు పెద్దమ్మా. నీ కాలి ముడి చూసి ఏనాడో పోల్చా. మొహం చూపించలేక నోరెత్తలా. నిన్ను మాత్రం పట్టియ్యలా."

"మరి ఆ ఏడుగుర్ని పట్టిచ్చావు గదరా!"

"పట్టుకున్నా. పట్టుకోకపోతే నా తల పోద్ది. చంపానని మాంత్రికుడికి చెప్పి, ఈ వంటసాల కింద నేలమాళిగలో దాచా. దొంగలని చెప్పి నీ చేత రోజూ నేల కంతలోంచి గంజి పోయించేది వాళ్ళకే. తాళాలు నా మొలలోనే ఉన్నాయి." అతను పోలనకేసి తిరిగాడు. "నువ్వు మునగటం చూశా. పందెంలో మా నాయన అట్టానే మునిగేవోడు. నూటికి పైన లెక్కపెట్టుంటావు. నిన్ను కూడా కింద దాచాలనే వచ్చా. దాచి ఏం చెయ్యాలో మాత్రం నాకు తెలవదు."

నమ్మాలా, నమ్మకూడదా?  పోలన ముంతలో మిగిలిన నీళ్ళు శరభుడి ముందు పెట్టాడు. శరభుడు తాగాడు. తాగి, ముంత ఖాళీ అయినా దించకుండా మొహానికి అడ్డం పెట్టుకుని కూచున్నాడు.

"ముందు వాళ్ళని పైకి తెస్తా. ఆ తరవాత చెంబు దించు" అని లేచాడు.

లేచాడు గాని తలుపు చేరలేదు. బయట పదిమంది గొంతులు ఒక్కసారిగా లేచాయి. "ద్రోహి! దళవాయి ద్రోహి! విన్నాం, అంతా విన్నాం!" గొడ్డళ్ళు తలుపు మీద పడ్డాయి. శరభుడు గడియ వేసి భుజం ఆనించాడు. పోలన ఒక్క ఉరుకున వెళ్ళి ఉట్టిలోంచి చెంబు లాగాడు.

శిఖరం మీద గుడ్లగూబ అరిచింది. ఆ అరుపుకు గోడలు బీటలిచ్చాయి, పొయ్యిల్లో నిప్పులు నీలంగా మారాయి. మరుక్షణం పోలన చేతుల్లో చెంబు పైకి లేచింది! కంకాళనాథుడు శిఖరం మీదినుంచి దాన్ని పిలుస్తున్నాడు. చెంబుతో పాటు పోలన కాళ్ళు కూడా నేల విడిచాయి. పేరమ్మ పరుగున వచ్చి అతని నడుము పట్టుకుంది. ఆమె కూడా లేచింది. పొగగూడు నోరు తెరుచుకుని పైన కనబడుతోంది. వేళ్ళు జారుతున్నాయి.

"కాలికి! కాలికి ముడెయ్యరా!" అని తలుపు దగ్గరనుంచి శరభుడు అరిచాడు.

చెంబు మెడకు తాడుంది. పోలన దాన్ని పళ్ళతో లాగి, కాలు మడిచి, బొటనవేలికి ముడివేశాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి రోజూ వేసిన ముడి అది, గాలిలో వేలాడుతూ కూడా తప్పలేదు. చేతులు వదిలేసి దూలాన్ని కావలించుకుని, ఉన్న బలమంతా పెట్టి ఎడమకాలు కిందికి తన్నాడు. పేరమ్మ ఆ కాలిని పట్టుకుని తన బరువంతా వేసి వేలాడింది. మూడు జానలు. జానెడు. చెంబు అడుగు వంటసాల మట్టినేలను ధబ్బుమని తాకింది.

ఒక క్షణం ఏమీ కాలేదు. తరవాత నేల లోపల ఏదో పెద్ద ప్రాణి ఒళ్ళు విరుచుకున్నట్టయింది. చెంబు పగిలి, వెన్నెలేరు లేచింది.

తలుపూ, తలుపు వెనక గొడ్డళ్ళూ, గొడ్డళ్ళ వెనక భటులూ గడ్డిపోచల్లా కొట్టుకుపోయారు. అన్నం వండే గంగాళం తేలి ఎదురొచ్చింది. పోలన పేరమ్మను అందులోకి తోసి తానూ ఎక్కాడు. తెడ్డు చేతిలోకి తీసుకునేసరికి పడవవాడికి పడవ దొరికినట్టే అయింది. "ఎక్కు సింగన్నా, ఎక్కు!"

గోడ కొక్కేన్ని పట్టుకుని నిలిచిన శరభుడు ఎక్కలేదు. మొల తడుముకుంటున్నాడు. తాళాలగుత్తి తీసి చూసుకున్నాడు. 

"కింద ఏడుగురున్నారు" అన్నాడు.

నేలమాళిగ మెట్లు అప్పటికే నీళ్ళ కింద ఎక్కడున్నాయో కనబడటం లేదు. ఊరిని బతికించడానికి వదిలిన ఏరు, ఊరి బిడ్డల మీదికే పోతోంది. పోలన తెడ్డు పక్కన పెట్టి దూకబోయాడు. శరభుడు ఒక్క తోపు తోసి మళ్ళీ గంగాళంలో పడేశాడు.

"నువ్విందాక మునిగావు, చాలు. తాళాల దారి నాకే తెలుసు." ఎర్ర నడికట్టు ఒక కొస ఎడమకాలికి బిగించి ముడివేసుకున్నాడు. రెండో కొసకు పేరమ్మ వంటసాల చేదతాడు కలిపి కట్టింది.  తాడు చివర పోలన చేతికి వచ్చింది.

"ఇప్పుడు నిద్రపోబాక సింగన్నా" అంది పేరమ్మ.

అతను ఒకసారి ఆమెకు చేతులు జోడించి మునిగాడు.

పోలన లెక్కపెట్టాడు. ముప్ఫై. గంగాళం గోడకు కొట్టుకుని గిరగిర తిరిగింది. అరవై. పొగగూడులోంచి కంకాళనాథుడి కేక వినబడింది, ఇంకా దగ్గరగా, మెట్లు దిగి వస్తున్నట్టు. తొంభై. తాడు వదులుగా తేలుతోంది. పేరమ్మ కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. నూరు. నూట పది. నూట ఇరవై. తన లెక్క తప్పిన చోటు అదే. ఆ పైన ఎంత బతుకుంటుందో పోలనకు తెలియదు. నూట ముప్ఫై. నూట నలభై.

తాడు బిగిసింది. పోలన రెండు చేతులా లాగాడు. రాలేదు. పేరమ్మ కూడా పట్టుకుంది. ఇద్దరూ గంగాళం అంచుకు కాళ్ళు తన్నిపెట్టి లాగారు. జానెడు వచ్చింది, మళ్ళీ ఆగింది. పడవ తాళ్ళు లాగి లాగి కాయలు కాచిన చేతులు పోలనవి. నీటి కింద బరువెంతో వాటికి తెలుసు.

ఒక్క మనిషి బరువు కాదు అది.